ఇంట్లోనే కంప్యూటర్ రిపేరు – 5వ పాఠం: టైం నిలవని సిస్టం

పోయిన పాఠంలో ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే సిస్టంకి కరెంటు అందించే పెట్టెని పరీక్షించాం. అందులో ఊదారంగు వైరు ఒకటి ఉంటుందనీ, సిస్టం షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ దాంట్లో 5 వోల్టులు వస్తూనే ఉంటాయనీ చెప్పుకున్నాం. ఆ ముక్క ఈరోజు పనికొస్తుంది.

ఈ పాఠానికి మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, ఫోను చాలు. కానీ స్క్రూడ్రైవర్ అప్పుడే తీయొద్దు. టైం తప్పు అనగానే మదర్‌బోర్డు (సిస్టంలోని ప్రధాన బోర్డు) మీద ఉండే, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే చిన్న సెల్ మార్చేయడం చాలామందికి అలవాటు. నలభై యాభై రూపాయల సెల్ కాబట్టి పెద్ద నష్టమేం లేదు గానీ, రోగం వేరే అయితే వారం తిరక్కుండా అదే సిస్టం మళ్లీ మీ బల్ల మీదికొస్తుంది.

తేడా ఎంతో ముందు రాసుకోండి

ఫోనులో టైం, సిస్టంలో టైం పక్కపక్కన పెట్టి చూడండి. తేదీ కూడా చూడండి. "తప్పు చూపిస్తోంది" అంటే సరిపోదు. ఎంత తప్పు, ముందుకా వెనక్కా అన్నది కాగితం మీద ఉండాలి. సగం రోగం అక్కడే తేలిపోతుంది.

నిమిషాలు సరిగ్గా ఉండి గంటలు మాత్రమే తేడా ఉన్నా, లేదా తేడా కచ్చితంగా గంటల మీద అరగంట ఉన్నా, అది టైమ్ జోన్ గొడవే. మన భారత కాలమానం అంతర్జాతీయ సమయం కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఆ అరగంట మనకు దొరికిన మంచి ఆనవాలు. కొత్తగా విండోస్ వేసినప్పుడు టైమ్ జోన్ మార్చకుండా వదిలేస్తే అమెరికా పసిఫిక్ టైం ఉండిపోవడం మామూలే. అప్పుడు సిస్టం చలికాలంలో సరిగ్గా 13:30 గంటలు, వాళ్లు గడియారం ముందుకు జరిపే వేసవి నెలల్లో 12:30 గంటలు వెనక ఉంటుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరిచి, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని రాసి ఉన్న జోన్ ఎంచుకోండి. దాని పక్కనే శ్రీ జయవర్ధనపుర కూడా 5:30 అనే కనిపిస్తుంది. అది శ్రీలంక. టైం ఒకటే కాబట్టి అది పెట్టినా గడియారం తప్పదు గానీ, మనది మనం పెట్టుకుందాం.

తేడా సరిగ్గా 5:30 ఉండి, ఆ సిస్టంలో విండోస్, లినక్స్ రెండూ ఉంటే ఇంక వెతకొద్దు. మదర్‌బోర్డు మీది గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని లినక్స్‌కి చెబితే గొడవ తీరిపోతుంది. ఆ కమాండ్ లినక్స్ పాఠంలో చూద్దాం.

రోజుకి సెకనో రెండు సెకన్లో జారితే అది రోగమే కాదు. ఆ గడియారం నడిచేది సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ స్ఫటికంతో. చేతి గడియారాల్లో ఉండేదీ అదే. పది లక్షలకు ఇరవై వంతుల తేడా దానికి సహజం, అంటే రోజుకి 1.7 సెకన్లు, నెలకి దాదాపు 50 సెకన్లు. పైగా అది 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది, వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. రోహిణి కార్తెలో క్యాబినెట్ లోపల 45 డిగ్రీలుంటే రోజుకి ఇంకో సెకను పైన వెనకబడుతుంది. ఒంగోలు ఎండకి మనుషులే నెమ్మదిస్తారు, దాన్నేం అంటాం! నెట్ ఉంటే ఈ జారుడు దానంతటదే సర్దుకుంటుంది.

ఇక తేదీ ఏకంగా ఏళ్ల వెనక్కి పోతే, 2009 జనవరి 1 లాంటిది కనిపిస్తే, అప్పుడు సెల్ మీద అనుమానం పెట్టుకోండి.

కావలిలో ఒక కొట్టు

కావలిలో రొయ్యల మేత అమ్మే కొట్టాయన బాధ ఇది. "పొద్దున్నే సిస్టం ఆన్ చేస్తే పాత తేదీ చూపిస్తా ఉండాది నా. బిల్లు మీద ఎప్పటిదో తేదీ పడతా ఉండాది. బ్రౌజర్ తెరిస్తే కనెక్షన్ భద్రంగా లేదంటది." ఆ రెండోది వైరస్ కాదు. ప్రతి వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది. సిస్టం 2009లో ఉన్నాననుకుంటే, ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ తలుపు మూసేస్తుంది. డిజిటల్ సిగ్నేచర్ కూడా అందుకే మొరాయిస్తుంది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అతను రెండు రోజులు బల్ల మీద పెట్టి చూశాడు. టైం సెకను తప్పలేదు. "ఏం లేదు నా, బాగుండాది" అని తిరిగి ఇచ్చేశాడు. కొట్లో పెట్టిన మర్నాడే మళ్లీ పాత తేదీ.

అసలు సంగతి మెయిన్ స్విచ్‌లో ఉంది. షార్ట్ సర్క్యూట్ భయంతో ఆయన రాత్రి కొట్టు కట్టేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి పోతాడు. మెకానిక్ బల్ల మీద మాత్రం ప్లగ్ పీకింది లేదు. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ ఆ ఊదారంగు వైరు 5 వోల్టులే గడియారాన్ని నడిపిస్తాయి, సెల్‌తో పని ఉండదు. కాబట్టి సెల్ పూర్తిగా చచ్చినా బయటపడదు. కరెంటు పూర్తిగా పోయినప్పుడే సెల్ ఉందో లేదో తెలుస్తుంది. ఇంట్లో బాగుండి కొట్లో చెడే సిస్టంలన్నిటికీ నేను ముందు అడిగే ప్రశ్న ఇదే: రాత్రి మెయిన్ ఆపుతారా?

తేల్చే పరీక్ష

సిస్టం ఆన్ చేస్తూనే డిలీట్ కీ (కొన్నిట్లో ఎఫ్2) నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. టైం, తేదీ సరిచేసి సేవ్ చేయండి. విండోస్ మొదలవకముందే ఆపేసి, ప్లగ్ పీకి, రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున ప్లగ్ పెట్టి మళ్లీ నేరుగా బయోస్‌లోకే వెళ్లండి. విండోస్‌లోకి వెళ్తే అది నెట్ నుంచి టైం తెచ్చి దిద్దేస్తుంది, సాక్ష్యం చెరిగిపోతుంది.

బయోస్‌లో టైం తప్పితే సెల్ లేదా దాని చుట్టుపక్కల లోపం. బయోస్‌లో సరిగ్గా ఉండి విండోస్‌లో తప్పితే క్యాబినెట్ విప్పే పనే లేదు, సెట్టింగ్స్ చూసుకోండి.

సెల్ మార్చడం

విప్పేముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. సెల్ తీస్తే ఆ సెట్టింగ్స్ పోవచ్చు. ముఖ్యంగా సాటా మోడ్ (డిస్కుతో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐనా, రెయిడా అన్నది మారితే విండోస్ లేవదు. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే చేతిలో పెట్టుకోండి, లేకపోతే అనవసరమైన టెన్షన్.

ప్లగ్ పీకి, పవర్ బటన్‌ని ఒకసారి నొక్కి వదలండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసేదే మన సెల్. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. పక్కనున్న చిన్న క్లిప్పుని గోటితో వెనక్కి నెడితే పైకి లేస్తుంది. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి కొలవండి. కొత్త సెల్ 3.2 దాకా చూపిస్తుంది. 2.8 కిందికి వస్తే మార్చేయండి. ఈ రకం సెల్ దాదాపు చివరిదాకా వోల్టేజి నిలబెట్టి ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి 2.9 ఉంది కదా, ఇంకా నడుస్తుందిలే అనుకోవద్దు.

కొట్లో సీఆర్2025 ఇచ్చి "రెండూ ఒకటే" అంటారు. వోల్టేజి ఒకటే గానీ, అది 2.5 మిల్లీమీటర్లే. వదులుగా కూర్చుని ఒకరోజు పట్టి ఒకరోజు వదులుతుంది. ఎల్‌ఐఆర్ అని రాసినవి చార్జింగ్ సెల్స్, 3.6 వోల్టులు. అవి అసలు వద్దు.

ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి సెల్ కింది రేకు పచ్చబారుతుంది. అలా ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక సెల్ పెట్టండి. తీసిన పాత సెల్‌ని బల్ల మీద వదిలేయొద్దు. చచ్చిన సెల్ అయినా, పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. అనుమానం ఉన్నా సరే, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ల్యాప్‌టాప్‌లలో ఈ సెల్ వైరుతో కూడిన చిన్న పొట్లంలా ఉంటుంది. కొన్ని కొత్తవాటిలో అసలుండదు, పెద్ద బ్యాటరీయే ఆ పని చేస్తుంది.

సింక్ పని చేయట్లేదంటే

సెల్ మార్చాక డేట్ అండ్ టైమ్‌లో సింక్ నౌ నొక్కుతారు. ఎర్రర్ వస్తుంది. చాలామంది ఇక్కడే తికమకపడతారు. తేడా 15 గంటలు దాటితే మామూలు విండోస్ నెట్ నుంచి వచ్చిన టైంని నమ్మదు. అందుకే ముందు తేదీ, గంట చేత్తో దగ్గర దగ్గరగా పెట్టండి, ఆ తర్వాత సింక్ నొక్కండి. అయినా రాకపోతే సర్వీసెస్‌లో విండోస్ టైమ్ ఆగిపోయి ఉందేమో చూసి స్టార్ట్ చేయండి. ఆఫీసు నెట్‌వర్క్ అయితే ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు (నెట్ నుంచి టైం వచ్చే దారి) మూసి ఉండొచ్చు. టైం సర్వర్‌గా మైక్రోసాఫ్ట్‌ది బదులు మన దేశంలోదే కావాలంటే, న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీది పెట్టుకోవచ్చు. భారత కాలమానాన్ని పరమాణు గడియారాలతో నిలబెట్టేది వాళ్లే.

ఇంటిపని

ఒకటి: సింగరాయకొండలో ఒక సిస్టం. విండోస్ ఒక్కటే ఉంది, బయోస్‌లో టైం సరిగ్గా ఉంది, విండోస్‌లో మాత్రం 5:30 వెనక చూపిస్తోంది. ఎక్కడ చూస్తారు?

రెండు: గూడూరులో ఒక సిస్టం. కొత్త సెల్ 3.2 వోల్టులుంది, రేకు శుభ్రంగా ఉంది, అయినా ప్లగ్ పీకితే తేదీ పోతోంది. సెల్ పక్కన మూడు పిన్నులూ, వాటి మీద ఒక చిన్న జంపరూ (రెండు పిన్నుల్ని కలిపే టోపీ) ఉన్నాయి. మదర్‌బోర్డు పుస్తకంలో ఆ పిన్నుల పేరు వెతికి, జంపర్ ఏ రెండిటి మీద ఉండాలో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.