పల్లెలో పుట్టినవాళ్ళ బర్త్ సర్టిఫికెట్: ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత బర్త్ సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్ళు ఎక్కువగా తండ్రి ఊరి సచివాలయానికే ముందు వెళ్తారు. అక్కడ పుస్తకంలో లేదనగానే ఇక దొరకదనుకుని వదిలేస్తారు. చాలాసార్లు రికార్డు ఉంటుంది, కాకపోతే వేరే ఊళ్ళో ఉంటుంది. చట్టం ప్రకారం కాన్పు ఎక్కడ జరిగితే పుట్టుక అక్కడే నమోదవుతుంది. తల్లిదండ్రుల కాపురం ఎక్కడ, రేషన్ కార్డు ఎక్కడ అన్నదానితో పనిలేదు. మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే కదా. కనిగిరి దగ్గర కాపురముండే ఆవిడ పురిటికి కావలి పక్కన పుట్టింటికి వెళ్ళి, కావలి టౌన్లో ఆస్పత్రిలో ప్రసవిస్తే ఆ బిడ్డ పుట్టుక కావలి మున్సిపాలిటీ లెక్కల్లోకి వెళ్తుంది. కనిగిరిలో ఎన్నిసార్లు వెతికించినా కనబడదు.

అసలు ఆ కాగితం మీకు కావాలా అన్నది ముందు తేల్చుకోండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. అంతకుముందు పుట్టినవాళ్ళకు పాస్‌పోర్టు ఆఫీసు పదో తరగతి మార్కుల మెమో లాంటివి ఒప్పుకుంటుంది. పాత రికార్డు గట్టిగా అవసరపడేది అమెరికా గ్రీన్‌కార్డు లాంటి పనులకు, వారసత్వ తగాదాలకు, సర్టిఫికెట్లలో తేదీలు ఒకదానికొకటి పొసగనప్పుడు.

ముందు ఇంట్లో అడగండి

పెద్దవాళ్ళను కూర్చోబెట్టి నాలుగు సంగతులు రాసుకోండి: కాన్పు జరిగిన ఊరు, ఇంట్లోనా ఆస్పత్రిలోనా, ఏ సంవత్సరం ఏ నెల, తల్లిదండ్రుల పేర్లు అప్పట్లో ఎలా రాసేవారు. అమ్మమ్మ ఉంటే ఆవిడతోనే మొదలుపెట్టండి. తారీఖు చెప్పలేకపోవచ్చు గానీ "రొట్టెల పండగ వెళ్ళిన వారానికి పుట్టాడు నాయనా" అని మాత్రం చెబుతుంది. అది చాలా విలువైన మాట. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ మొహర్రంతో నడుస్తుంది, మొహర్రం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సంవత్సరం తెలిస్తే పాత క్యాలెండరులో ఆ వారాన్ని పట్టుకోవచ్చు. తుఫాను వచ్చిన ఏడాది అంటే మన తీరంలో పెద్దవాళ్ళకు చాలావరకు 1977 నవంబరు గుర్తొస్తుంది. కాకపోతే 1990 మే తుఫాను కూడా ఉంది, ఏదో అడిగి తేల్చుకోండి. జాతకం ఉంటే ఇంకా మంచిది: పింగళ నామ సంవత్సరం అని ఉంటే 1977 ఉగాది నుంచి 1978 ఉగాది దాకా అన్నమాట.

ఇంత శ్రమ ఎందుకంటే, బడిలో రాసిన తేదీని నమ్మి రిజిస్టరు తిరగేస్తే దొరక్కపోవచ్చు. వెనకటి పంతుళ్ళు వయసు సరిపోయేలా జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసేవారు. అందుకే ఒక్క తేదీ కాకుండా, దానికి అటూ ఇటూ రెండేళ్ళు వెతికించాలి.

ఇంట్లో ఇంకేమున్నాయో చూడండి. ఆస్పత్రి డిశ్చార్జి చీటీ, టీకాల కార్డు, అంగన్‌వాడీ కార్డు ఏది దొరికినా పనికొస్తుంది. క్రైస్తవ కుటుంబాలవారు చర్చి రిజిస్టరును కూడా అడగొచ్చు, కానీ ఒక తేడా గమనించండి. కేథలిక్ చర్చిల్లో పసిబిడ్డలకే జ్ఞానస్నానం ఇస్తారు కాబట్టి అందులో పుట్టిన తేదీ దొరికే అవకాశం ఉంది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్న బాప్టిస్టు సంఘాల్లో ఊహ తెలిశాకే బాప్తిస్మం ఇస్తారు. ఆ తేదీ పుట్టుకకు రుజువు కాదు.

ఏ ఆఫీసు?

కాన్పు పంచాయతీ పరిధిలో జరిగితే ఆ గ్రామ పంచాయతీ కార్యదర్శే రిజిస్ట్రారు, అర్జీ గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. మున్సిపాలిటీలో గానీ నెల్లూరు, ఒంగోలు లాంటి కార్పొరేషన్లో గానీ జరిగితే అక్కడి జనన మరణాల విభాగం. ఇటీవలివి, మరీ పాతవి కానివి కంప్యూటరులో ఎక్కి ఉంటే మీసేవలోనో సచివాలయంలోనో వివరాలు చెప్పగానే వచ్చేస్తుంది. దాని గురించి ఇంకా రాయాల్సిందేమీ లేదు.

కష్టమంతా పాతవాటితోనే. ఒకప్పుడు పల్లెల్లో చావు పుట్టుకల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. 1984 జనవరిలో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ తర్వాత విలేజ్ అసిస్టెంట్లు, వీఏవోలు (గ్రామ పరిపాలనాధికారులు), పంచాయతీ కార్యదర్శులు... పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. కాబట్టి కార్యదర్శి తన దగ్గర లేదంటే ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. పాత సంపుటాలు తహసీల్దారు ఆఫీసు రికార్డు రూములో ఉండొచ్చు. అక్కడ అడిగేటప్పుడు ఊరు పేరుతోపాటు పాత తాలూకా పేరు చెప్పండి. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు పామూరు వైపువాళ్ళది కనిగిరి తాలూకా. సర్వే చేసిన రెవెన్యూ గ్రామం పేరు కూడా చెప్పాలి, ఎందుకంటే శివారు పల్లెల పేర్లు విడిగా ఉండవు.

జిల్లా పేరు చూసి కంగారుపడకండి. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో, ఒంగోలు గుంటూరులో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ గీతలు మారి అప్పటికి కందుకూరు నెల్లూరులోకి, గూడూరు తిరుపతిలోకి, చీరాల బాపట్లలోకి వెళ్ళాయి. జిల్లా ఎన్నిసార్లు మారినా మీరు వెతకాల్సింది ఊరినీ, ఆ ఊరి పాత తాలూకానీ.

అర్జీ ఎలా రాయాలి

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే లేదంటారు. తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత రుసుము కట్టి రిజిస్టరులో వెతికించుకునే హక్కు, నకలు తీసుకునే హక్కు మీకున్నాయి. అర్జీ ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నా తండ్రి పేరు ఫలానా, తల్లి పేరు ఫలానా. నేను ఫలానా రెవెన్యూ గ్రామంలో, మా అమ్మమ్మగారి ఇంట్లో, సుమారు 1977 నవంబరులో పుట్టాను. 1975 నవంబరు నుంచి 1979 నవంబరు వరకు జనన రిజిస్టరులో వెతికించి, నమోదు ఉంటే ధ్రువీకరించిన నకలు, లేకపోతే నమోదు లేదని ధ్రువపత్రం ఇప్పించగలరు."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఉన్నా లేకున్నా ఏదో ఒక కాగితం మీ చేతికి రావాలి.

పుస్తకం తీస్తే మీ పేరు కోసం చూడకండి. బారసాలకు ముందే నమోదు చేయించడం వల్ల చాలా పాత నమోదుల్లో బిడ్డ పేరుండదు, "మగ" లేదా "ఆడ" అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు పట్టుకుని కిందికి రండి. వెంకటసుబ్బయ్య "వెంకయ్య" అయి ఉండొచ్చు, ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలి ఉండొచ్చు. అన్నదమ్ముల నమోదులు కూడా కనబడితే మీదేదో తేల్చడం తేలికవుతుంది.

ఆఫీసు పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫలానా సంవత్సరాల జనన రిజిస్టరు ఇప్పుడు ఎవరి అధీనంలో ఉందని అడిగితే వెతుకులాట సగం తీరుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేచోట కూడా ఇవ్వొచ్చు.

దొరికింది గానీ పేరు లేదు, తప్పుంది

పేరు చేర్చడం 12 నెలల్లోపు ఉచితం, తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేస్తారు. ఆ గడువు దాటినవాళ్ళు పేరు లేని నకలును పారేయకండి. అందులో తల్లిదండ్రుల పేర్లు, తేదీ, ఊరు ఉంటాయి. పదో తరగతి మెమో జతచేస్తే రెండూ కలిసి బలమైన రుజువు అవుతాయి. అక్షర దోషాలుంటే జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు సరిచేయవచ్చు. అసలు రాతను కొట్టేయకుండా పక్క మార్జిన్‌లో రాసి సంతకం చేయాలి. కొట్టివేతలున్న నకలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

రికార్డే లేదంటే

నమోదు లేదని ఇచ్చే కాగితాన్ని ఆఫీసుల్లో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. అమెరికా పనులకు దాన్నీ, మీ పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళిద్దరి అఫిడవిట్లనూ, బడి రికార్డునూ కలిపి పెడతారు. ఆ పెద్దలు ఉన్నప్పుడే అఫిడవిట్లు రాయించుకోండి, దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

కొత్తగా నమోదు చేయించాలంటే, ఏడాది దాటిన జననాలకు మేజిస్ట్రేటు అధికారం ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ ఫైలు ఆర్డీవో దగ్గరికి వెళ్తుంది. కావలి, ఆత్మకూరు, కనిగిరి, మార్కాపురం ఇలా మీ డివిజన్ ఏదైతే అక్కడ. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, అఫిడవిట్, బడి రికార్డు, తల్లిదండ్రుల ఆధార్ జతచేసి ఇస్తే కింది సిబ్బంది ఊళ్ళో విచారణ చేసి రిపోర్టు పంపుతారు. విచారణకు వచ్చే రోజున ఊళ్ళో మీ తరఫున చెప్పగలిగే పెద్దమనిషి అందుబాటులో ఉండేలా చూసుకోండి. ఉత్తర్వు వచ్చాక దాన్ని కాన్పు జరిగిన ఊరి కార్యదర్శికే ఇచ్చి నమోదు చేయించాలి.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక కౌంటరు దగ్గరే నిలబడి తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, నమోదు సంఖ్య చదువుకోండి. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో పోల్చండి. తేడా ఉంటే అప్పుడే చెప్పండి, ఇంటికి వెళ్ళాక చెబితే అది ఇంకో అర్జీ అవుతుంది.