ఇంగ్లీషులో తప్పుల్లేవు, అయినా అతకట్లేదా?

ముందు ఫోన్ తీసి, మీరు మాట్లాడిన రెండు నిమిషాలు రికార్డ్ చేసి వినండి. కాకినాడ దాకా కోచింగ్‌కి వెళ్తారు, యాప్‌లకి డబ్బు కడతారు, ఇదొక్కటి మాత్రం చెయ్యరు. సగం సమస్యలు అక్కడే బయటపడతాయి.

లక్షణం: అన్నిటికీ 'ఓకే సార్', 'వెరీ నైస్', 'ఐ యామ్ ఫైన్'.
కారణం: మాటల నిల్వ తక్కువ. 'సరే' అనడానికి 'ష్యూర్', 'సౌండ్స్ గుడ్' అలవాటు చేసుకోండి. 'హౌ ఆర్ యు?' అంటే 'నాట్ బ్యాడ్, హౌ అబౌట్ యు?' అనండి. వారానికి రెండు చాలు. జాతీయాల (ఇడియమ్స్) జాబితా బట్టీ పట్టొద్దు. వానొస్తే 'క్యాట్స్ అండ్ డాగ్స్' అనేది గైడ్లలోనే ఎక్కువ, మామూలుగా 'ఇట్స్ పోరింగ్' అంటారు.

లక్షణం: వ్యాకరణం సరిగానే ఉంది, కానీ అవతలివాళ్ళు ముభావంగా మారిపోతున్నారు.
ఇదే అసలు దొంగ. వాక్యంలో తప్పుండదు కాబట్టి మాస్టారు దిద్దరు, అవతలివాళ్ళూ చెప్పరు.

మన మర్యాదంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. కోనసీమలో అయితే పైన ఒక 'ఆయ్' కూడా. 'ఫైలు పంపండి' అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. అదే ఇంగ్లీషులోకి దిగేసరికి 'అండి' రాలిపోయి 'సెండ్ ద ఫైల్' మిగులుతుంది. భీమవరంలో రొయ్యల ఎగుమతి ఆఫీసు కుర్రాడొకడు విదేశీ కొనుగోలుదారుతో 'టెల్ మీ యువర్ ప్రాబ్లమ్' అన్నాడు. వాడి మనసులో 'ఇబ్బందేంటో చెప్పండి సార్' అనే ఉంది. అవతలాయన చెవికి మాత్రం నిలదీసినట్టు తగిలింది.

దీనికి అందరూ వేసే అతుకు 'ప్లీజ్'. 'ప్లీజ్ సెండ్ ద ఫైల్' కూడా ఆజ్ఞే, కాస్త మెత్తనిది. మాటకో 'సార్' కలిపినా ఆజ్ఞ ఆజ్ఞగానే ఉంటుంది.

పరిష్కారం: అడగాల్సినదాన్ని ప్రశ్నగా అడగండి. 'కుడ్ యు సెండ్ మీ ద ఫైల్?' కాస్త శ్రమ పెట్టే పనైతే 'వుడ్ యు మైండ్ సెండింగ్ ఇట్ టుడే?' మిమ్మల్నే అలా అడిగితే, ఒప్పుకునే జవాబు 'నాట్ ఎటాల్'. 'వుడ్ యు మైండ్' అంటే 'మీకు అభ్యంతరమా?' అని, అందుకే ఒట్టి 'యెస్' అంటే ఎదుటివాళ్ళు తికమకపడతారు. ఇంకా మొహమాటమైన విషయానికి 'ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్...' అని మొదలుపెట్టండి. అందులో భూతకాలం నిన్నటి సంగతి చెప్పడానికి కాదు, ఒత్తిడి తగ్గించడానికి. కాదనాలంటే 'నాట్ పాసిబుల్' మానేసి 'ఐ యామ్ అఫ్రెయిడ్ వి కాంట్ డూ దట్' అనండి.

అలాగని అన్నిచోట్లా వద్దు. ఎదుటివాళ్ళకి మేలయ్యేదైతే నేరుగా అనడమే మర్యాద: 'కమ్ ఇన్', 'హావ్ ఎ సీట్', 'హావ్ సమ్ మోర్'. కొసరి కొసరి వడ్డించే మనవాళ్ళకి ఈ చివరిది నేర్పక్కర్లేదు. దగ్గరి స్నేహితుడి దగ్గర 'ఐ వజ్ వండరింగ్' మొదలుపెడితే వెటకారం అనుకుంటాడు.

లక్షణం: 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్'.
'ఐ హావ్' అనండి. అంతే.

యాస గురించి టెన్షన్ వద్దు. చెప్పిందే మళ్ళీ చెప్పమని పదేపదే అడుగుతుంటే మాత్రం మాట చివర చేరుతున్న 'ఉ' కోసెయ్యండి: 'లైటు' కాదు, 'లైట్'.