ఆల్బమ్‌ను చదవడం – 5వ పాఠం: మూడో స్థానం దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

ఈసారి కొత్త విషయం మొదలుపెడదామనుకున్నాను గానీ కుదరదు. పోయిన పాఠం చివర టీఎల్‌సీ అనే ముగ్గురు అమ్మాయిల అమెరికా గ్రూపు ఆల్బమ్ 'క్రేజీసెక్సీకూల్' ఇచ్చి, అది ఎలా తయారైంది, జనం ఎలా తీసుకున్నారు, ఒక పేజీలో రాయమన్నాను కదా. వచ్చిన జవాబుల్లో చాలావాటిది ఒకటే వరస: "బిల్‌బోర్డ్ 200లో 3వ స్థానం దాకా వెళ్లింది, నంబర్ వన్ కాలేదు, కాబట్టి ఓ మోస్తరు హిట్." బిల్‌బోర్డ్ 200 అంటే అమెరికాలో ప్రతి వారం వచ్చే 200 ఆల్బమ్‌ల వరస. అమెరికాలో కోటి కాపీలు దాటిన ఆల్బమ్ అది. దాన్ని ఓ మోస్తరు అని రాశారంటే చూడాల్సిన అంకె వదిలేసి వేరే అంకె చూశారన్నమాట. అందుకే ఈ భాగం మొత్తం దానికే ఇస్తున్నాను. గ్రూపు ఎవరు, టి-బాజ్, లెఫ్ట్ ఐ, చిల్లీలలో ఎవరి గొంతు ఏది అన్నది మళ్లీ చెప్పను, ఈపాటికి మీకు వచ్చేసి ఉండాలి.

గరిష్ఠ స్థానం అంటే ఒక వారం సంగతి మాత్రమే. ఆ వారం ఇంకెవరి ఆల్బమ్‌లు మార్కెట్లో ఉన్నాయన్నదాని మీద కూడా అది ఆధారపడుతుంది. ఇదే గ్రూపు 1999లో తెచ్చిన 'ఫ్యాన్‌మెయిల్' నేరుగా నంబర్ వన్‌లో దిగింది. కానీ అమెరికాలో దానికి వచ్చిన సర్టిఫికెట్ (దాని సంగతి కింద చెప్తాను) 60 లక్షల కాపీలకు. 3వ స్థానం దాటని 'క్రేజీసెక్సీకూల్'కి వచ్చింది కోటికి పైన. స్థానం ఒక్కటే చూసేవాళ్లు ఈ రెండింటినీ తలకిందులుగా పేర్చేస్తారు.

మరి ఏం చూడాలి? ఎన్ని వారాలు నిలిచింది, ఏ పాట వచ్చినప్పుడు మళ్లీ లేచింది అన్నది చూడాలి. 1994 నవంబరులో ఆల్బమ్ వచ్చింది. దానికి ముందే విడుదలైన 'క్రీప్' 1995 మొదట్లో పాటల చార్టులో 4 వారాలు నంబర్ వన్. తర్వాత 'రెడ్ లైట్ స్పెషల్' 2వ స్థానం దాకా వెళ్లింది. ఆ వేసవిలో 'వాటర్‌ఫాల్స్' 7 వారాలు నంబర్ వన్. ఆ తర్వాత 'డిగ్గిన్ ఆన్ యు' 5వ స్థానం. నాలుగు పాటలు, నాలుగూ మొదటి ఐదులో. ఒకటి చల్లబడేలోపు ఇంకొకటి రావడం వల్ల ఆల్బమ్ చార్టులో రెండేళ్లకు పైనే ఉండిపోయింది. జనం ఎలా తీసుకున్నారు అంటే నేను చెప్పే జవాబు ఈ రెండేళ్లే.

నా పద్ధతి ఒకటి చెప్తాను, నచ్చితే తీసుకోండి. ఏ ఆల్బమ్ అయినా నేను ముందు మూడో సింగిల్ దగ్గరికి, అంటే ఆల్బమ్‌లోంచి విడిగా విడుదల చేసిన మూడో పాట దగ్గరికి వెళ్తాను. మొదటిది కంపెనీ తన ధైర్యం కొద్దీ ఎంచుకుంటుంది, రెండోది ఆ ఊపులో వెళ్లిపోతుంది, మూడోదానికి వచ్చేసరికి పాటలో సరుకుండాలి. ఇక్కడ మూడోది 'వాటర్‌ఫాల్స్'. మొదటి చరణంలో మత్తుమందుల వ్యాపారంలోకి దిగిన కొడుకు, రెండో చరణంలో ఎయిడ్స్. వేసవి రేడియోకి ఇలాంటి సంగతులు ఇచ్చి 7 వారాలు నిలబెట్టడం మామూలు విషయం కాదు. ఎఫ్. గ్యారీ గ్రే తీసిన దాని వీడియోకి 1995లో ఎంటీవీ వాళ్లు ఆ ఏడాది ఉత్తమ వీడియో అవార్డు ఇచ్చారు. మీ జవాబుల్లో ఈ పాట గురించి ఒక్క వాక్యమైనా లేనివి చాలా ఉన్నాయి.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టే మాట దగ్గరికి వస్తాను: ప్లాటినం. దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి.

మన సినిమావాళ్ల ప్లాటినం డిస్క్ ఫంక్షన్లు చూసి పెరిగినవాళ్లకు ప్లాటినం అంటే పాటలు బాగా పోయాయి, అందరూ స్టేజీ మీద షీల్డులు పట్టుకుని ఫొటో దిగారు అని అర్థం. ఎన్ని అమ్మితే ఆ ఫంక్షన్ అన్న ప్రశ్న మనమెవరం అడగలేదు. అమెరికాలో ఆర్‌ఐఏఏ అనే రికార్డు కంపెనీల సంఘం ఉంది, అక్కడ లెక్క రాసిపెట్టి ఉంటుంది: 5 లక్షలకు గోల్డ్, 10 లక్షలకు ప్లాటినం, కోటికి డైమండ్. డైమండ్ అన్న పేరు 1999లో వచ్చింది. ఇంతవరకూ తేలికే. గుర్తుంచుకోవలసినవి దీని తర్వాత ఉన్నాయి. ఒకటి, అప్పట్లో ఆ లెక్క దుకాణాలకు పంపిన కాపీలది, జనం కొన్నవాటిది కాదు. కొన్నవాటిని లెక్కపెట్టే సౌండ్‌స్కాన్ వేరే ఉంది, బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్ 1991 నుంచి దాని మీద నడిచింది. రెండు, కంపెనీ అడిగితేనే, డబ్బు కట్టి లెక్కలు చూపిస్తేనే సర్టిఫికెట్ వస్తుంది. అడగకపోతే రాదు. మూడు, 2016 నుంచి స్ట్రీమింగ్ కూడా కలుపుతున్నారు, ఆల్బమ్‌లోని పాటలు 1500 సార్లు వింటే ఒక ఆల్బమ్ కింద లెక్క. కాబట్టి 1996 నాటి ప్లాటినంనీ ఇప్పటి ప్లాటినంనీ పక్కపక్కన పెట్టి "ఇది దానికన్నా పెద్దది" అని రాయకండి.

రెండో సంగతికి ఒక ఉదాహరణ చెప్తే మీరు ఇక మర్చిపోరు. సుప్రీమ్స్ అనే అమెరికా గ్రూపు 1966లో తెచ్చిన 'ఎ గో-గో' బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో నంబర్ వన్ అయింది, ఆడవాళ్ల గ్రూపు ఆల్బమ్ ఒకటి అక్కడికి చేరడం అదే మొదటిసారి. కానీ ఆ రోజుల్లో దానికి గోల్డ్ రాలేదు. వాళ్ల రికార్డు కంపెనీ మోటౌన్ అప్పట్లో తన లెక్కల పుస్తకాలు ఆర్‌ఐఏఏకి చూపించేది కాదు, అంతే. గోల్డ్ లేదు కాబట్టి అమ్ముడుపోలేదు అని రాసేవాళ్లు ఇక్కడే పడిపోతారు.

తయారీ సంగతి. దీనికి క్రెడిట్స్ చదవాలి. అట్ట వెనక ఆ చిన్న అక్షరాలు ఓపిగ్గా చదివినవాళ్లు తక్కువ, చదివినవాళ్లు కూడా "డల్లాస్ ఆస్టిన్, బేబీఫేస్, జెర్మైన్ డూప్రీ, ఆర్గనైజ్డ్ నాయిజ్, షాన్ కోంబ్స్ నిర్మించారు" అని పేర్లు వరసగా రాసి వదిలేశారు. పేర్లు రాయడం కాదు, ఎవరి పేరు ఎక్కడ లేదో చూడాలి. మొదటి ఆల్బమ్ నిండా లెఫ్ట్ ఐ ర్యాప్. ఇందులో ఆమె ఎందుకంత తక్కువ? 1994 జూన్‌లో ప్రియుడి ఇల్లు కాలిపోయిన కేసులో ఆమెకు ప్రొబేషన్ (జైలుకు బదులు నిఘాలో ఉండే శిక్ష) పడింది, రిహాబ్‌లో (వ్యసనం మాన్పించే కేంద్రంలో) ఉండాల్సి వచ్చింది, అక్కడినుంచి రికార్డింగులకు వచ్చి వెళ్లేది. ఆమె లేని చోటంతా టి-బాజ్ మంద్రమైన గొంతు నింపింది, ఆల్బమ్ మొత్తం నెమ్మదించి చిక్కబడింది. జనం మెచ్చుకున్న ఆ నిదానం వెనక ఇదీ ఒక కారణం. పైగా 'క్రీప్' పాటంటేనే ఆమెకు పడలేదు. మోసం చేసే మగవాడి చాటున ఇంకొకరిని చూసుకోవడం దేనికి, వదిలేసి వెళ్లిపోవచ్చు కదా అన్నది ఆమె వాదన. నోటికి నల్ల టేపు వేసుకుని వీడియోలో కనిపిస్తానని కూడా బెదిరించింది. ఆ పాటకే తర్వాత వచ్చిన రీమిక్స్‌లో తన మాటలు తను కలిపింది. గ్రూపులో ఒకరికి ఇష్టం లేని పాట మొదటి సింగిల్ అయిందంటే నిర్ణయం ఎవరి చేతిలో ఉందో అర్థమవుతుంది.

క్రెడిట్స్‌తోనే డబ్బు కూడా తెలుస్తుంది. 'క్రీప్' రాసింది డల్లాస్ ఆస్టిన్ ఒక్కడే, రచయిత వాటా అతనిదే. 'వాటర్‌ఫాల్స్'లో ఆర్గనైజ్డ్ నాయిజ్ వాళ్లు, మార్కీజ్ ఎథరిడ్జ్‌తో పాటు లీసా లోపెస్ పేరు, అంటే లెఫ్ట్ ఐ పేరు ఉంది, ఆ ర్యాప్ ఆమె రాసిందే. రాయనివాళ్లకు పాడినందుకు వచ్చే రాయల్టీ మాత్రమే. అందులోంచి కూడా స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, ఇవన్నీ కంపెనీ పట్టుకున్నాకే మిగిలింది ఇస్తారు. మేనేజర్ వాటా, లాయరు ఫీజు, పన్ను పోగా ఆ మిగిలినదాన్ని ముగ్గురు పంచుకోవాలి. 'వాటర్‌ఫాల్స్' నంబర్ వన్ అవుతున్న అదే 1995 జూలైలో వాళ్లు దివాలా పిటిషన్ వేశారు, అప్పు 35 లక్షల డాలర్లు. అందులో లెఫ్ట్ ఐ ప్రియుడి కాలిన ఇంటి బీమా తాలూకు బాకీ ఉంది, టి-బాజ్‌కున్న సికిల్ సెల్ అనే రక్తజబ్బు వైద్యం బిల్లులున్నాయి, వాళ్ల మాటల్లో అయితే అన్నిటికన్నా ముఖ్యం కంపెనీతో ఉన్న ఆ కాంట్రాక్టు. మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బమ్ అవార్డు అందుకున్న రోజు కూడా తమ చేతిలో డబ్బు లేదనే విలేఖరులకు చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మీ జవాబుల్లో దివాలా గురించి "ఆడంబరాలకు ఖర్చుపెట్టి ఉంటారు" అని రాసినవాళ్లు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి.

స్పైస్ గర్ల్స్ మొదటి ఆల్బమ్ 'స్పైస్' క్రెడిట్స్ కూడా ఒకసారి చూడండి, ప్రతి పాటకీ ఐదుగురి పేర్లూ రచయితల్లో ఉంటాయి. తేడా మీకే తెలుస్తుంది.

అభ్యాసం. ఈసారి కష్టమే, వారం సరిపోకపోతే రెండు వారాలు తీసుకోండి. మీకు నచ్చిన ఏదైనా అమ్మాయిల గ్రూపు ఆల్బమ్ తీసుకోండి, బ్లాక్‌పింక్ అయినా సరే. దాని చార్ట్ స్థానాలు వారంవారీగా గళ్ల కాగితం మీద గీయండి, 1 పైన, 200 కింద ఉండేలా. ప్రతి సింగిల్ వచ్చిన వారం దగ్గర నిలువు గీత పెట్టండి. ఆ గీత తర్వాత లేవకపోతే ఎందుకు లేవలేదో కింద రాయండి. తర్వాత ప్రతి పాటకీ రచయితల పేర్లు దించి, గ్రూపు సభ్యుల పేర్ల కింద గీత గీయండి. సర్టిఫికెట్ ఉంటే ఏ సంవత్సరంలో ఇచ్చారో తప్పనిసరిగా రాయాలి, సంవత్సరం లేని ప్లాటినంని నేను దిద్దను. ఇవన్నీ అయ్యాక ఒక పేజీ రాయండి, అందులో గరిష్ఠ స్థానం ఎక్కడా రాకూడదు.