అట్టతో పని – 3: అల ఎటు, బలం అటు

పోయిన పాఠంలో అట్ట అంచు చూసి ప్లై, అంటే పొరలు, లెక్కపెట్టడం నేర్చుకున్నాం. రెండు చదును కాగితాల మధ్య ఒక అల (అలలు తిరిగిన కాగితం) ఉంటే మూడు ప్లై, మూడు కాగితాల మధ్య రెండు అలలుంటే ఐదు ప్లై. ఇవాళ ఒకటే ప్రశ్న: ఆ అల ఎటు పోతోంది?

ఇది నేను పండ్లు పాడుచేసుకుని నేర్చుకున్నా. దామలచెరువు మార్కెట్‌లో బేనీషా మామిడిపండ్లు కొని, హైదరాబాద్‌లో ఉన్న మా అక్కకు పార్శిల్ చేద్దామనుకున్నా. తిరుపతిలో మా ఇంట్లో ఫ్రిజ్ తాలూకు పెద్ద అట్ట ఊరికే పడి ఉంది. వృథా కాకుండా ఎటు కుదిరితే అటు కోసి పెట్టె కట్టేశా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు అక్క ఫోను: "ఏమిరా, పండ్లు పంపినావా, రసం పంపినావా?" పెట్టె మీద ఇంకో నాలుగు పెట్టెలు పడతాయి, పార్శిల్ అంటేనే అది. నా పెట్టె గోడల్లో అలలు పడుకుని ఉన్నాయి. తప్పు నాదే.

మీరు పండ్లు పాడుచేసుకోనక్కర్లేదు. మూడు ప్లై అట్టలో 5 సెంటీమీటర్ల చదరపు ముక్క కోయండి. అలల గాడులు పైనుంచి కిందికి ఉండేలా బల్లమీద నిలబెట్టి, అరచేత్తో నిటారుగా నొక్కండి. ముక్క వంగేలోపు అరచెయ్యి మంటెక్కుతుంది. ఇప్పుడు మరో ముక్క కోసి, గాడులు అడ్డంగా ఉండేలా పెట్టి నొక్కండి. ఏదో ఒక గాడి దగ్గర మోకాలు మడిచినట్టు మడతపడిపోతుంది. అదే అట్ట, అదే జిగురు. నిలబడిన అల ఒక్కొక్కటీ చిన్న స్తంభం, పడుకున్న అల మడతకు దారి.

కిరాణా కొట్టు ముందున్న ఏ అట్టపెట్టెనైనా చూడండి, గోడల్లో అలలు నిలువుగానే ఉంటాయి. అందుకే నాలుగు మూలలూ సులువుగా మడుస్తాం, పైమూతలే మొండికేస్తాయి, అక్కడ అలలకు అడ్డంగా మడవాలి కాబట్టి. బ్లేడుతో గీత పెట్టి మడవకండి, పైకాగితం తెగిందంటే ఆ చోట బలం పోయినట్టే. స్కేలు ఆనించి చెంచా కాడతో గట్టిగా రెండుసార్లు గీస్తే చాలు.

పండ్లకు గాలి కావాలి. కన్నాలు గోడ మధ్యలో పెట్టండి, మూలల జోలికి పోవద్దు, బరువులో ఎక్కువ భాగం మోసేది అవే. పేర్చేటప్పుడు కూడా మూల మీద మూల రావాలి. ఇటుకల్లా ఎడం మార్చి పేరిస్తే అందంగా ఉంటుంది గానీ, పై పెట్టె మూల కింది పెట్టె నడుము మీద పడుతుంది.

ఇక తేమ. గాలి బాగా చెమ్మగా ఉంటే పొడి పెట్టె బలంలో సగం దాకా పోవచ్చు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, పెట్టెల్ని నేలమీద కాకుండా చెక్కల మీద పెట్టండి.

"అట్టతో ఇల్లు కట్టొచ్చా?" అని అడిగినవాళ్ల కోసం కొంచెం ముందుకు వెళ్తాను. కట్టొచ్చు, కట్టారు కూడా. 1995లో జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చినప్పుడు షిగెరు బాన్ అనే ఆర్కిటెక్ట్ కాగితపు గొట్టాలను పక్కపక్కనే నిలబెట్టి గోడలు కట్టాడు. గొట్టం గోడ మందం 4 మిల్లీమీటర్లే. పునాదికి బీరు క్రేట్లలో ఇసుక మూటలు నింపాడు, దాంతో గొట్టాలు తడినేలకు అంటుకోలేదు. 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లోనూ అలాంటి ఇల్లు కట్టారు, అక్కడ పునాదికి క్రేట్ల బదులు కూలిన భవనాల రాళ్లూ ఇటుకముక్కలే వాడారు. గొట్టంలో అలలుండవు, కాగితం పొర మీద పొర జిగురుతో మెలికగా చుట్టి ఉంటుంది. గుండ్రంగా ఉండటంతో ఎటువైపూ బలహీనమైన మడత దొరకదు.

మనం వినాయకుడి పందిరికి పనికొచ్చే చిన్న చట్రంతో మొదలుపెడదాం. వచ్చే పాఠానికి ఫ్లెక్స్ షాపులోనో, బట్టల షాపులోనో నాలుగు ఖాళీ గొట్టాలు అడిగి తెచ్చుకోండి. చివర్లు వేలితో నొక్కి చూసుకోండి, మెత్తగా ఉంటే నానినట్టు. ఊరికే ఇచ్చినా వద్దనండి.