కొత్త బుష్ వేసినా మూడు నెలలకే మళ్లీ టక్ టక్: పార్టును తిట్టే ముందు చూడాల్సినవి

వారానికి ఒక కారైనా మా షెడ్డుకు ఇదే కథతో వస్తుంది. "లింక్ రాడ్లు మార్చాం, ఆర్మ్ బుష్‌లు మార్చాం, మూడు నెలలు కాలేదు, మళ్లీ అదే శబ్దం." ఆర్మ్ అంటే చక్రాన్ని కారు ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ఇనప చెయ్యి, దాని కీలులో ఉండే రబ్బరు ముక్కే బుష్; లింక్ రాడ్ అంటే కారు పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపుకు కలిపే చిన్న కడ్డీ. తర్వాత వచ్చే మాట కూడా నాకు కంఠస్థమే. "ఇప్పుడొచ్చే పార్టులన్నీ దండగన్నా!" అందులో సగం నిజముంది. కంపెనీ పార్టు కాకుండా బయట దొరికే సస్పెన్షన్ పార్టుల్లో రబ్బరు పదేళ్ల కిందట ఉన్నట్టు లేదు, ఫోన్ చేస్తే పలికేవాడూ అప్పట్లా లేడు. మిగతా సగం మాత్రం పానా పట్టినవాళ్ల తప్పు, అంటే మా తప్పు. రెండిటినీ విడదీసి చూడకపోతే డబ్బు పోతూనే ఉంటుంది.

జాకీ ఎక్కడ పెట్టాలో, స్టాండు లేకుండా కారు కింద దూరకూడదని మీకు తెలుసనుకునే రాస్తున్నా.

జాకీ తీయకముందే

డిక్కీ ఖాళీ చేయండి. నవ్వొద్దు. మొగిలి ఘాట్ మీదుగా రోజూ పలమనేరు, చిత్తూరు మధ్య తిరిగే ఒక కారుకు రెండు షెడ్లలో లింక్ రాడ్లు మార్చారు, ఒకచోట షాక్ అబ్జార్బర్లు కూడా వేయించుకోమన్నారట. నా దగ్గరికి వచ్చాక స్టెప్నీ ఎత్తి చూస్తే దాని కింద జాకీ క్లాంపు ఊడి ఆడుతోంది. ఒక గుడ్డ చుట్టి బిగించాను, అంతే. శబ్దం వెనక నుంచి వస్తోందో ముందు నుంచి వస్తోందో కూడా ఎవరూ వినలేదన్నమాట.

తర్వాత టైర్లలో గాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్న అంకె చాలు. బంకులో కుర్రాడు నలభై కొట్టి పంపిస్తే ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకే తగులుతుంది, మనం షాకర్లు పోయాయని మొదలుపెడతాం. వీల్ నట్లు కూడా ఒకసారి పానా పెట్టి చూడండి. ఈ మూడూ కలిపి పది నిమిషాల పని, అయినా పదిమందిలో తొమ్మిదిమంది చేయరు.

చిన్న గుంటల్లో, తక్కువ స్పీడులో టక్ టక్

ఎక్కువసార్లు లింక్ రాడే. చాలామంది ఒక పక్క చక్రం ఎత్తి, లింక్ రాడ్ పట్టుకుని ఊపి, "ఆట లేదు, బాగుంది" అంటారు, ఆట అంటే వదులు. ఒక పక్కే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ను గట్టిగా లాగి పట్టుకుంటుంది, కడ్డీ చివర బాల్ అరిగి ఉన్నా ఆట కనిపించదు. కారు నేల మీద సమంగా ఉండాలి, లేదా రెండు పక్కలా ఎత్తాలి. నేల మీదైతే స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి, ఇంజన్ ఆపి, చెయ్యి లోపలికి పెట్టి లింక్ రాడ్‌ను గట్టిగా ఊపండి. అరిగి ఉంటే చేతికే తెలుస్తుంది.

కొత్తది కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే డబ్బా విప్పి బాల్ స్టడ్‌ను వేలితో తిప్పి చూడండి. బిగువుగా, నున్నగా తిరగాలి. తల దానంతటదే వాలిపోతుంటే అక్కడే వదిలేయండి. ఇప్పుడు వచ్చేవాటిలో కొన్నింటికి రబ్బరు టోపీ కింద గ్రీజు బొట్టు కూడా ఉండదు. బిగించేటప్పుడు నట్లు తిప్పే మిషను, అదే ఇంపాక్ట్ గన్, వద్దు, స్టడ్‌ను అలెన్ కీతో పట్టుకుని చేత్తో బిగించండి. గన్ పెడితే బాల్ గిర్రున తిరిగి, ఆ టోపీ మెలిపడి మొదటి రోజే చినుగుతుంది. అప్పుడు తిట్లు పార్టుకు పడతాయి.

నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే "టంగ్"

స్ట్రట్ మౌంట్ బేరింగ్. స్ట్రట్ అంటే షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసిన ముక్క, దాని పైచివర స్టీరింగ్‌తోపాటు తిరిగేది ఈ బేరింగ్. స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. స్ప్రింగ్ నెమ్మదిగా తిరగకుండా పట్టి పట్టి ఒక్కసారిగా ఎగిరితే అదే. మౌంట్ మార్చడానికి స్ప్రింగ్ కంప్రెసర్ ఉండాలి. అది లేకుండా పైన సెంటర్ నట్టు విప్పే ధైర్యం మాత్రం ఎవరూ చేయొద్దు.

బ్రేక్ వేస్తే, రివర్స్ నుంచి మొదటి గేరుకు వస్తే "ధబ్"

లోయర్ ఆర్మ్ వెనక బుష్. తిరుమల ట్యాక్సీల వాళ్లు దీన్ని ఇంకోలా చెప్తారు. "ఎక్కేటప్పుడు ఏం లేదు సామీ, దిగేటప్పుడే మోగతా ఉంది" అంటారు. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద, దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద. ఆ మలుపు మలుపుకీ బ్రేక్ పడుతుంది, బ్రేక్ పడిన ప్రతిసారీ ఆర్మ్ వెనక్కి తోసుకుంటుంది, ఆ తోపుడు ఎక్కువగా వెనక బుష్ మీదే. అందుకే చిరిగిన బుష్ అక్కడ ముందు దొరికిపోతుంది. బుష్ మార్చాలి, సరే. మార్చాక మూడు నెలలకే మళ్లీ వచ్చిందంటే కింద చెప్పేది మీకోసమే.

నన్ను మూడుసార్లు ముంచిన కారణం

చంద్రగిరి నుంచి వచ్చే ఒక ట్యాక్సీకి ఒకే ఏడాదిలో మూడుసార్లు లోయర్ ఆర్మ్ బుష్‌లు వేశాను. మొదటిసారి ఒక బ్రాండ్, రెండోసారి ఇంకో బ్రాండ్, మూడోసారి ఆయన్ను ఒప్పించి ఎక్కువ ధర పెట్టించి కంపెనీ షోరూమ్ నుంచే తెప్పించాను. మూడూ అదే తీరున, అదే వైపు చిరిగాయి. పార్టుల కొట్టువాడితో నడిరోడ్డు మీద గొడవపడ్డాను కూడా. మూడోది ఒరిజినల్ కావడంతో ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు, అప్పుడు నా పని వైపు చూసుకున్నాను.

బుష్ అంటే బయట ఒక ఇనప గొట్టం, లోపల ఒక ఇనప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని ఉండే రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఫ్రేమ్‌కు పట్టేస్తుంది, ఇక తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌తోపాటు కదులుతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు జారేది ఏమీ లేదు, రబ్బరే మెలి తిరిగి మళ్లీ మామూలుకు వస్తుంది. బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఎక్కడుందో అదే రబ్బరుకు సుఖంగా ఉండే చోటు.

కారును లిఫ్టు మీద ఎత్తి, చక్రం కిందికి వేలాడుతుండగా బిగించామనుకోండి. రబ్బరు ఆ వేలాడే చోటుకు అలవాటుపడుతుంది. కారు కిందికి దింపగానే ఆర్మ్ పైకి వస్తుంది, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలి తిరిగిపోతుంది. ఇంట్లో నిలబెట్టి ఉన్నా ఆ మెలిక పోదు. దాని మీద గుంట పడితే ఇంకా తిరగాలి, ఎంతకని ఓర్చుకుంటుంది? పైకీ కిందికీ సమంగా పంచుకోవాల్సిన మెలికంతా ఒకే వైపు పడుతుంది.

మా నాన్న పిట్‌లో, అంటే కారు కింద నేలలో తవ్విన గుంటలో, దిగి పనిచేసేవాడు. ఆర్మ్ ఎక్కించాక కారును దింపి, పిట్‌లోంచి ఆఖరి బిగింపు ఇచ్చేవాడు, ఎందుకని అడిగితే "అంతే" అనేవాడు. రెండు కాళ్ల లిఫ్టులు వచ్చాక మాకు నడుము నొప్పి తగ్గింది, ఈ అలవాటూ పోయింది. నిలబడి, గన్ పెట్టి, ట్ర్ర్ర్ అనిపించి దింపేస్తున్నాం.

అనుమానం ఉంటే చూసే పద్ధతి ఇది. బుష్ వేయించుకున్న వారంలోపు కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా పిట్‌లోంచి ఆర్మ్ బోల్టును కొంచెం వదులు చేయమనండి. లోపలి గొట్టం తల దగ్గర, ఫ్రేమ్ బ్రాకెట్‌కూ దానికీ కలిపి ముందే చాక్‌పీసుతో ఒక గీత గీయండి. సరిగ్గా బిగించి ఉంటే గీత అలాగే ఉంటుంది. వేలాడగా బిగించి ఉంటే బోల్టు వదులవుతూనే "టప్" మని చిన్న శబ్దం వచ్చి గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. ఆ ట్యాక్సీకి నాలుగోసారి బిగించేటప్పుడు కావాలనే మొదట పాత పద్ధతిలో బిగించి, దింపి, వదులు చేసి చూశాను. గీత చిటికెన వేలి గోరంత జరిగింది. ఆయన నా పక్కనే వంగి చూస్తున్నాడు, ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

సరిచేయడం సులువు. అన్నీ చేతి బిగువుకు ఎక్కించి, కారును చక్రాల మీద దింపి, ముందుకూ వెనక్కూ రెండడుగులు తోసి, రెండు మూడుసార్లు బానెట్ మీద నొక్కి వదిలి, అప్పుడు బిగువు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం బిగించాలి. పిట్ లేకపోతే ఆర్మ్ చివర చక్రం వైపును కలిపే బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, ఆ మూల బరువు స్టాండు మీద నుంచి జాకీ మీదకు వచ్చేదాకా ఎత్తి బిగించండి. వెనక యాక్సిల్ బుష్‌లకూ ఇదే మాట. పాలీయురెథేన్ బుష్‌లలో లోపలి గొట్టం జారుతూ తిరిగే రకానికి ఈ బాధ లేదు, దానికి గ్రీజు పెట్టకపోతే కీచుమంటుంది, అది వేరే తలనొప్పి.

ఇంకో చిన్నది. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు వదులుతారు, బయట గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా ప్రెస్‌లో అడ్డంగా దించేస్తే ఖాళీ ఉండాల్సిన దిక్కు మారిపోతుంది. పాతది తీయకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

మరి పార్టు తప్పెప్పుడు?

తీసిన బుష్‌ను పారేయకండి, వెలుగులో పట్టుకుని చూడండి. రబ్బరు మధ్యలో ఏటవాలుగా చిరిగి, ఇనుముకు రెండు పక్కలా రబ్బరు అంటుకునే ఉంటే మెలి తిరిగి చిరిగినట్టే, ముందు బిగించినవాణ్ణి అడగండి. రబ్బరు ఇనుము నుంచి తొక్క ఊడినట్టు ఊడి, కింద లోహం శుభ్రంగా మెరుస్తుంటే అతుకే నిలవలేదు, అది తయారీ లోపం. ఈ రెండో రకం ఈ మధ్య నేను ఎక్కువ చూస్తున్నాను, అందుకే పార్టులు దిగజారాయన్న మాటను కొట్టిపారేయను. అదే బ్రాండ్ డబ్బా, అదే రంగు, లోపల సరుకు వేరు.

క్లెయిమ్ సంగతి. ఒకప్పుడు పాత ముక్క కౌంటర్ మీద పెడితే కొట్టువాడు ఒక చూపు చూసి కొత్తది ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోటో పంపండి, వీడియో పంపండి, బిల్లు పంపండి, ఆపైన నెల మౌనం, చివరికి "ఫిట్టింగ్ లోపం" అని ఒక్క ముక్క. నా క్లెయిమ్ ఒకటి అలాగే తిరిగొచ్చింది. ఇప్పుడు పార్టు నంబరుతో జీఎస్టీ బిల్లు, బిగించిన రోజు మీటర్ రీడింగ్ ఫోటో, కారు నేల మీద ఉండగా టార్క్ రెంచ్ పెట్టిన ఫోటో, డబ్బా, ఈ నాలుగూ దాచి పెడుతున్నా. ఆ టార్క్ రెంచ్ ఫోటో పంపినప్పటి నుంచి ఫిట్టింగ్ లోపం అన్న మాట నాకు రాలేదు.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెప్తున్నాయి. ఇవి లేని డబ్బా చేతిలో పెడితే తిరిగిచ్చేయండి. తయారైన నెల ఊరికే చూడమనడం లేదు, రేకుల గోడౌన్‌లో మన రాయలసీమ ఎండకు ఏళ్ల తరబడి ఉన్న రబ్బరు కొత్తదెలా అవుతుంది? ఎవరూ పలకకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి.

మిగతావి

బాల్ జాయింట్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అది విడిపోతే చక్రమే పక్కకు వాలిపోతుంది. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే బాల్ జాయింటో వీల్ బేరింగో, రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్. ఆట కనిపించాక ఘాట్ ఎక్కొద్దు, అక్కడే ఆపండి. స్ప్రింగ్ చివర విరగడం, సబ్‌ఫ్రేమ్ బోల్టు వదులవడం, ఇంజన్ మౌంట్ శబ్దాన్ని సస్పెన్షన్ అనుకోవడం, ఇవి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

ఆర్మ్ గానీ స్ట్రట్ గానీ విప్పితే అలైన్‌మెంట్ చేయించాల్సిందే. ఆరేడు వందలు మిగిలాయని వదిలేసి, నాలుగు నెలలకు లోపలి అంచు అరిగిపోయిన రెండు టైర్లు పట్టుకుని వచ్చినవాళ్లు మా షెడ్డు బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారో లెక్కలేదు.