షెఫీల్డ్‌లో శని, ఆదివారాలు: ముందు తిరుగు దారి చూసుకోండి

ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డ్‌కి జనవరి బ్యాచ్‌లో చదువుకోవడానికి వచ్చిన మన కుర్రాడొకడు మే నెలలో ఒకే వీకెండ్‌కి నాలుగు కార్యక్రమాలు పెట్టుకున్నాడు. శనివారం పొద్దున పార్క్‌రన్ (పార్కులో అందరూ కలిసి పరిగెత్తేది), మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్, రాత్రి మాంచెస్టర్‌లో ఫ్రెండ్ పుట్టినరోజు, ఆదివారం ఈడేల్ కొండల్లో నడక. నాలుగూ బాగానే జరిగాయి. ఆదివారం సాయంత్రం వెనక్కి రావడానికి రైలు మాత్రం లేదు. ట్రాక్ పనులని రైళ్ళు ఆపేసి బస్సులు వేశారు. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో ఇతనికి తెలీదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇంటికి చేరేసరికి రాత్రి షిఫ్ట్ కాస్తా పోయింది.

అతనికి చెప్పాల్సింది అతనికి చెప్పాను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మిగతావాళ్ళ కోసం ఇది. బ్యాంక్ ఖాతా, సిమ్ కార్డు, గది అడ్వాన్స్ గురించి సీనియర్లు ఇప్పటికే మీ చెవులు చిల్లులు పడేలా చెప్పి ఉంటారు, వాటి జోలికి నేను పోను.

ఈ ఊళ్ళో ఏమీ ఉండదు, బోర్ అనేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. 1977 నుంచి ప్రపంచ స్నూకర్ ఛాంపియన్‌షిప్ ఏటా ఇక్కడి క్రూసిబుల్ థియేటర్‌లోనే జరుగుతోంది. 1857లో పుట్టిన షెఫీల్డ్ ఎఫ్‌సీని ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ క్లబ్ అంటారు. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయిన పీక్ డిస్ట్రిక్ట్‌లో కొంత భాగం ఈ ఊరి సరిహద్దుల్లోనే ఉంది. ఏమీ వద్దు, వాన పడుతోంది అంటారా, సెంట్రల్ లైబ్రరీ పై అంతస్తులో గ్రేవ్స్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, టికెట్ లేదు. ఇవన్నీ పక్కన పెట్టుకుని శనివారం పన్నెండింటికి నిద్ర లేస్తే తప్పు ఊరిది కాదు.

అలా లేచిన రోజులు నాకూ తెలుసు. మొదటి చలికాలమంతా అంతే. లేవడం, అన్నం వండుకోవడం, ఇంటికి వీడియో కాల్ చేయడం, ఇంతలో చీకటి పడిపోవడం. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగు కాకముందే సూర్యుడు వెళ్ళిపోతాడు. అమ్మతో బాగానే ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేశాక సోమవారం దాకా ఇంకో మనిషితో మాట్లాడిన గుర్తుండేది కాదు. అందుకే బయటికి రండి అని పోరుతున్నాను.

పార్క్‌రన్‌తో మొదలుపెట్టండి. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి, 5 కిలోమీటర్లు, పైసా ఖర్చు లేదు. 2004లో లండన్‌లోని బుషీ పార్క్‌లో 13 మంది పరుగుతో మొదలైన సంగతి ఇది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే ఒక బార్‌కోడ్ ఇస్తారు, అదే ఎప్పటికీ, ఎక్కడైనా పనికొస్తుంది. హిల్స్‌బరో పార్క్‌కి ట్రామ్ ఉంది, ఎండ్‌క్లిఫ్ పార్క్ ఎక్లసాల్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి దగ్గర. "నేను పరిగెత్తలేను అన్నా" అనే మాట ఇక వినలేను. నడవండి. అందరికంటే వెనక నడవడానికే ఒక వాలంటీర్ ఉంటారు, కాబట్టి మీరు చివరి మనిషి అయ్యే అవకాశమే లేదు. మొదటిసారి వచ్చినవాళ్ళని పరుగుకి ముందు ఒక పక్కకి పిలిచి అన్నీ చెబుతారు. అసలు లాభం పరుగు అయ్యాక కాఫీ దగ్గర ఉంటుంది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడటానికి ఇంగ్లిష్ అంత గొప్పగా రానక్కర్లేదు.

క్రికెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ప్రతి ఏడాదీ తప్పు నెలలో అడుగుతారు. సీజన్ ఏప్రిల్ మధ్య నుంచి సెప్టెంబర్ వరకు. సెప్టెంబర్‌లో దిగి "క్లబ్‌లో చేరతాను" అంటే వాళ్ళు అప్పటికి స్టంపులు కట్టేసుకుంటూ ఉంటారు. జనవరి, ఫిబ్రవరిలో ఇండోర్ నెట్స్ మొదలవుతాయి, అప్పుడు మెయిల్ పెట్టాలి. చాలా క్లబ్బులకి రెండో జట్టు, మూడో జట్టు, కొన్నింటికి నాలుగోది కూడా ఉంటుంది, కింది జట్లకి మనుషులు ఎప్పుడూ తక్కువే. ఆడవాళ్ళ జట్లున్న క్లబ్బులూ ఉన్నాయి, చెల్లెళ్ళు కూడా అడగండి. సభ్యత్వ రుసుము వేరు, మ్యాచ్ ఫీజు వేరు, విద్యార్థులకి తగ్గిస్తారేమో అడగడానికి సిగ్గుపడొద్దు. వారం మధ్యలో కెప్టెన్ "ఈ శనివారం ఎవరెవరు వస్తారు" అని మెసేజ్ పెడతాడు. వస్తానని చెప్పి శనివారం పొద్దున జ్వరమొచ్చింది అంటే జట్టు పదిమందితో ఆడాలి. ఒకసారి క్షమిస్తారు. రెండోసారి మెసేజే రాదు.

ఇక మ్యాచ్. మధ్యాహ్నం మొదలైతే సాయంత్రం ఏడు దాకా పట్టొచ్చు. మధ్యలో టీ విరామం ఉంటుంది, చాలా చోట్ల శాండ్‌విచ్‌లు, కేకులు పెడతారు, మాంసం తినకపోతే ముందే చెప్పండి. ప్రత్యర్థి మైదానం ఎక్కడో పల్లెలో ఉంటుంది, జట్టువాళ్ళ కారులో వెళ్తారు. ఇక్కడే నా మాట వినండి. కారెక్కే ముందే "తిరిగి రావడానికి కూడా చోటుందా" అని అడగండి. తీసుకెళ్ళినాయన మ్యాచ్ అయ్యాక అటు నుంచి అటే అత్తగారింటికి వెళ్ళొచ్చు. మీరు కిట్ బ్యాగ్ భుజాన వేసుకుని, ఎప్పుడో ఆరింటికే చివరి బస్సు వెళ్ళిపోయిన స్టాప్ దగ్గర నిలబడతారు. పెట్రోల్‌కి డబ్బులివ్వబోతే చాలామంది వద్దంటారు, అయినా ఇవ్వబోవాలి.

ఆదివారం రైళ్ళ గురించి నేనెందుకు ఇంతగా సతాయిస్తానో ఇప్పుడు చెబుతాను. మరమ్మతులు చేసుకోవడానికి రైల్వేవాళ్ళకి దొరికే ఖాళీ వీకెండ్లే. శనివారం రాత్రి లైన్ మూసి ఆదివారం మధ్యాహ్నం దాకా, ఒక్కోసారి రోజంతా, పని చేస్తారు. ఆ రోజు టైమ్‌టేబుల్ వేరు. ట్రామ్, బస్సులు కూడా ఆలస్యంగా మొదలవుతాయి. పల్లెల్లో కొన్ని బస్సులు ఆదివారం అసలు తిరగవు. వెళ్ళేటప్పుడు రైలు దొరికింది కాబట్టి వచ్చేటప్పుడూ దొరుకుతుందనుకోవడం మన ఊరి అలవాటు, రోడ్డు మీద నిలబడితే ఏదో ఒక ఆటో వస్తుంది కదా అని. ఈడేల్‌లో రోడ్డు మీద నిలబడితే గొర్రెలొస్తాయి.

కాబట్టి నేషనల్ రైల్ యాప్‌లో శుక్రవారం ఒకసారి, శనివారం రాత్రి ఇంకోసారి చూడండి. వెళ్ళే రైలు తర్వాత చూద్దురు గానీ, ముందు వచ్చే రైలు, అది పోతే దాని తర్వాతిది, ఆ రోజుకి ఆఖరిది, మూడూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. షెఫీల్డ్ నుంచి ఈడేల్ మీదుగా మాంచెస్టర్ వెళ్ళే హోప్ వ్యాలీ లైన్‌లో ఆగుతూ పోయే రైలు గంటకొకటి అటూ ఇటూగా ఉంటుంది, ఒకటి తప్పితే గంట చలి. స్టేషన్‌లో దిగగానే నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళండి. రైలు బదులు బస్సు వేస్తే ఎక్కడ ఆగుతుందో దాని మీద ఉంటుంది. ఫోటో తీసుకోండి. కొండల మధ్య నెట్ రాదు, పవర్ బ్యాంక్ ఉంటే సరిపోదు.

ఇంకా మంచి పద్ధతి, ఇంటికి రెండు దారులున్న నడకను ఎంచుకోవడం. ఈడేల్ స్టేషన్‌లో దిగి మామ్ టోర్ ఎక్కండి, 517 మీటర్లు, మెట్ల దారి ఉంది, మొదటిసారి వచ్చినవాళ్ళకి సరిపోతుంది. అక్కడి నుంచి శిఖరం వెంబడి లూజ్ హిల్ దాకా నడిచి హోప్ స్టేషన్‌కి దిగొచ్చు. రైళ్ళు లేవని తెలిస్తే క్యాసిల్‌టన్ వైపు దిగితే షెఫీల్డ్‌కి 272 నంబర్ బస్సు ఉంది, దాని ఆఖరి టైమ్ కూడా పొద్దున్నే చూసుకోండి. ఇంగ్లండ్‌లో చాలా బస్సులకి ఒకవైపు టికెట్ 3 పౌండ్లు మించకుండా 2025 జనవరి నుంచి పరిమితి పెట్టారు, కాబట్టి ఆ దారి ఖరీదైనదేమీ కాదు. 636 మీటర్ల కిండర్ స్కౌట్ మీదికి మాత్రం పొగమంచులో, మామూలు బూట్లతో, మొదటి నెలలోనే ఎక్కకండి. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుందని చూసి నవంబర్‌లో అదే లెక్క వేసుకునేవాళ్ళని చూశాను. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ రోజు నుంచి సాయంత్రమనేది లేనట్టే.

షిఫ్టులున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళకి వారానికి 20 గంటలే, ఆ వారం సోమవారం నుంచి ఆదివారం వరకు. అంటే ఆదివారం మేనేజర్ ఫోన్ చేసి "ఇంకో నాలుగు గంటలు చేస్తావా" అంటే, సోమవారం నుంచి లెక్కపెట్టి చెప్పాలి. మాస్టర్స్‌లో వేసవి డిసర్టేషన్ కాలం కూడా మామూలుగా టర్మ్ కిందికే వస్తుంది, యూనివర్సిటీని అడగండి. క్లబ్‌లో పిల్లలకి కోచింగ్ ఇస్తే చేతికి కొంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఈ వీసా మీద స్పోర్ట్స్ కోచ్‌గా పని చేయకూడదు. పార్క్‌రన్‌లో బార్‌కోడ్ స్కాన్ చేయడం లాంటి వాలంటీరింగ్‌కి ఇబ్బంది లేదు. జీతం లేకపోయినా ఒప్పందం మీద, పని వేళలు పెట్టి చేయించుకునేది మాత్రం ఆ 20 గంటల్లోకే వస్తుంది.

పబ్ క్విజ్‌కి పిలిస్తే వెళ్ళండి. తాగకపోతే లైమ్ సోడా అడగండి, ఎవరూ వింతగా చూడరు. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనే పద్ధతి ఉంటుంది, మీ వంతు వచ్చినప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళొద్దు. అంత ఖర్చు పెట్టలేకపోతే మొదట్లోనే "నాది నేను కొనుక్కుంటాను" అనేస్తే గొడవ లేదు.

ఆదివారం సరుకులకి వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, 1994 చట్టం ప్రకారం పెద్ద షాపులు ఆ రోజు ఆరు గంటలే తెరుస్తాయి. కొండ దిగి వచ్చేసరికి మూసేస్తారు. పాలు, ఉల్లిపాయలు శుక్రవారమే తెచ్చుకోండి.

మనవాళ్ళ ఉగాది, బతుకమ్మ సంబరాలు అసలు పండగ ఏ వారమైనా శనివారమే జరుగుతాయి, హాలు ఆ రోజే కుదురుతుంది. తినేసి వెళ్ళిపోకుండా కుర్చీలు సర్దడానికి ఆగండి. కార్లున్న కుటుంబాలన్నీ ఆఖర్లో అక్కడే ఉంటాయి, "ఎటువైపు బాబూ మీ ఇల్లు" అని వాళ్ళే అడుగుతారు.

నాలుగు కార్యక్రమాలు వద్దు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. రెండు దూర ప్రయాణాలు ఒకే వీకెండ్‌లో అస్సలు వద్దు. సోమవారం తొమ్మిదింటి క్లాసులో నిద్రపోవడానికి అంత ఫీజు కట్టలేదు మీరు.

సరే, ఇంతసేపు భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. రైలు తప్పితే కొంప మునగదు. ఆదివారం సాయంత్రం ఆ ప్లాట్‌ఫామ్ మీద బురద బూట్లతో ఇంకో పదిమంది ఉంటారు, ఎవర్నడిగినా తెలిసింది చెబుతారు, ట్యాక్సీ పిలిస్తే మిమ్మల్నీ కలుపుకుంటారు. క్యాచ్ వదిలేసినా, క్విజ్‌లో ఒక్క జవాబూ రాకపోయినా మళ్ళీ వారం పిలుస్తారు. ఒకట్రెండు నెలలు వరుసగా ఒకే చోటికి వెళ్తే మీ పేరు సగం తప్పుగానైనా పలకడం నేర్చుకుంటారు.

పార్క్‌రన్ పేరు నమోదు మాత్రం ఇవాళే చేసుకోండి. శనివారం ఎనిమిదిన్నరకి ట్రామ్‌లో కూర్చుని చేసుకుంటూ, బార్‌కోడ్ రాలేదని నాకు ఫోన్ చేస్తే నేను ఎత్తను.