బెంగళూరులో సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ కొనడం ఎలా? 2017దా, 2020దా?

స్కోడా ఆక్టావియాలో బలం ఎక్కువున్న స్పోర్టీ రకమే ఆర్ఎస్. మా బావ బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "ఆర్ఎస్ దొరికిందిరా, ధర వింటే నువ్వు నమ్మవు. ఇవాళే టోకెన్ ఇచ్చేస్తున్నా" అన్నాడు. నేను వచ్చేదాకా జేబులోంచి చెయ్యి తీయొద్దని చెప్పి బయల్దేరాను. వెళ్ళి చూస్తే ఎర్ర కారు, గ్రిల్ మీద ఆర్ఎస్ బ్యాడ్జి, నల్ల చక్రాలు, సీట్లకు ఎర్ర దారం కుట్లు. చూడ్డానికి దేనికీ వంక పెట్టలేం. ఆర్సీ అడిగి ఇంజిన్ కెపాసిటీ ఎంతుందో చూశాను. 1798 అని ఉంది. ఆర్ఎస్‌కైతే అక్కడ 1984 ఉండాలి. అది మామూలు 1.8 ఆక్టావియా, 180 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) బండి. బ్యాడ్జి తర్వాత అంటించారు. పైన పటారం, లోన లొటారం.

అందుకే మొదటి పని బానెట్ ఎత్తడం కాదు, ఆర్సీ చదవడం. కెపాసిటీ 1984 ఉందా, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా, తయారైన నెల, సంవత్సరం ఏవి, చూడండి. అమ్మేవాళ్ళు చెప్పేది రిజిస్ట్రేషన్ సంవత్సరం. 2017లో తయారై 2018లో రిజిస్టరైన కారును "2018 మోడల్" అంటారు. రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడు మాత్రం తయారైన సంవత్సరమే పట్టుకుని బేరమాడతాడు.

ఏ సంవత్సరం కారు?

మన మార్కెట్లో ఎక్కువగా చేతులు మారేవి రెండు. 2017లో వచ్చినది 230 పీఎస్, 350 ఎన్ఎమ్ టార్క్ (చక్రాలను తిప్పే బలం), 6 గేర్ల డీఎస్జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), 17 అంగుళాల చక్రాలు. అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 24.62 లక్షలు. 2020లో వచ్చిన ఆర్ఎస్ 245 పూర్తిగా దిగుమతి చేసుకున్నది, 200 కార్లే తెచ్చారు. 245 పీఎస్, 370 ఎన్ఎమ్, 7 గేర్ల డీఎస్జీ, 18 అంగుళాల చక్రాలు, బీఎస్6 ఇంజిన్. అప్పటి ధర 35.99 లక్షలు. రెండింట్లోనూ 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజినే. కంపెనీ లెక్కల్లో సున్నా నుంచి వందకు మొదటిది 6.8 సెకన్లు, రెండోది 6.6. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్లో ఆ 0.2 సెకను ఎవరికీ అక్కరకు రాదు.

అసలు తేడా 245లో ఉన్న ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. బలమంతా ముందు చక్రాలకే వెళ్ళే బండి ఇది. నంది హిల్స్ మలుపుల్లో కాస్త గట్టిగా తొక్కితే 2017 నాటి 230లో లోపలి చక్రం ఊరికే తిరిగిపోయే ప్రమాదం ఉంది. 245 ఆ బలాన్ని బయటి చక్రానికి మళ్ళించి, బండిని మలుపులోకి లాక్కుపోతుంది. వారాంతాల్లో ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్ళకు ఆ తేడా డబ్బు విలువ చేస్తుంది. రోజూ మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్‌కు వెళ్ళొచ్చేవాళ్ళకు మాత్రం 245 అంటే అంచు పల్చటి టైర్లు, ఇక్కడి గుంతలు, వంగిన రిమ్ములు. నన్నడిగితే ఈ ఊరికి సర్వీస్ బిల్లులన్నీ ఉన్న 230యే మేలు. బిల్లుల్లేని 245 అయితే ఎంత తగ్గించినా వద్దంటాను.

2011 లారా (అప్పటి ఆక్టావియాకు మన దగ్గర పెట్టిన పేరు) ఆర్ఎస్ కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. 160 పీఎస్, మాన్యువల్ గేర్లు. అది వేరే మోజు, దానికి వేరే లెక్క. 2025లో 265 పీఎస్‌తో కొత్త ఆర్ఎస్ వచ్చింది కానీ తెచ్చినవి 100 కార్లే. సెకండ్ హ్యాండ్‌లో అది చవగ్గా దొరుకుతుందని ఎదురుచూడకండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి

మీరు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి రండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేశాక లోపలి టైమింగ్ గొలుసు శబ్దం రెండు మూడు సెకన్లకు మించి వినిపించకూడదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ రాకూడదు.

ఆపేశాక టార్చి వేసి థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టూ వెతకండి. వాటర్ పంప్, థర్మోస్టాట్ కలిసి ఉండే ఈ ప్లాస్టిక్ భాగం ఈ ఇంజిన్ కుటుంబానికి అందరికీ తెలిసిన బలహీనత. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారి ఆరిపోతే గులాబీ రంగు పొర కడుతుంది. ముందే మార్చి ఉంటే బిల్లు చూపిస్తారు. మార్చకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

ఇంకో సంగతి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) మాత్రమే ఉన్న ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వులను తాకదు. కాబట్టి వాటి మీద మసి పేరుకుంటుంది, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగిన బండిలో మరీ ఎక్కువ. ఐడిల్‌లో (నిలబడి ఇంజిన్ ఆడుతున్నప్పుడు) బండి కుదురుగా లేకపోతే ఆ అనుమానం రావాలి. అక్రోటు పెంకుల పొడి కొట్టి శుభ్రం చేస్తారు. కారు వదిలేసుకోవాల్సినంత సమస్య కాదు.

గేర్‌బాక్స్ పరీక్ష ట్రాఫిక్‌లోనే

చాలామంది టెస్ట్ డ్రైవ్ అంటే ఎయిర్‌పోర్ట్ రోడ్డెక్కి తొక్కడం అనుకుంటారు. అక్కడ ఏ కారైనా బాగానే పోతుంది. ముందు ట్రాఫిక్ నిలిచిపోయే టిన్ ఫ్యాక్టరీ వైపు తీసుకెళ్ళండి. బ్రేక్ మీంచి కాలు మెల్లగా తీసినప్పుడు బండి జారినట్టు కదలాలి. వణుకుతున్నా, ఒకటి నుంచి రెండో గేరుకు టక్కుమని దూకుతున్నా క్లచ్‌ల గురించి అడగండి. మామూలు 1.8 ఆక్టావియాలో పొడి క్లచ్‌ల డీఎస్జీ ఉంటుంది. ఆర్ఎస్‌లో ఉన్నది నూనెలో మునిగి ఉండే క్లచ్‌ల రకం, గట్టిది. కానీ 6 గేర్ల డీఎస్జీలో ఆ నూనెను 60 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. 80 వేలు తిరిగిన 2017 కారులో గేర్ ఆయిల్ బిల్లు లేకపోతే, ఆ పని జరగనట్టే లెక్కేయండి.

రీమ్యాప్ చేశారా అని మొహమాటం లేకుండా అడగండి. ఈ ఇంజిన్‌ను సాఫ్ట్‌వేర్‌తోనే 300 పీఎస్ దాకా లాగుతారు, బెంగళూరులో ఆ మోజు ఎక్కువ. చేయించడం తప్పని నేననను. ఎక్కడ, ఎప్పుడు చేయించారో చెప్పకుండా నసిగితేనే అనుమానించాలి. కొత్త ఎగ్జాస్ట్ పైపులు ఉండి "అంతా స్టాకే (కంపెనీ ఇచ్చినట్టే ఉంది) సార్" అంటే ఇక మాట్లాడేదేముంది.

నీళ్ళలో మునిగిందా?

2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు పక్క ఖరీదైన లేఅవుట్లలో కార్లు మునిగిపోయాయి. 2023 డిసెంబరులో చెన్నైని మిచాంగ్ తుఫాను ముంచెత్తింది. అలా మునిగిన కార్లు కడిగి, పాలిష్ పట్టి, వేరే ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. కడిగేవాడు సీట్లు విప్పి తోముతాడు గానీ, బెల్టు చుట్ట లోపలికి వెళ్ళడు. చివరి జానెడు పట్టీ మీద మట్టి రంగు గీత ఉంటే బేరం అక్కడే ఆపేయండి. తర్వాత సీట్ల కింద పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెపినీ కింద ఒండ్రు ఉన్నాయేమో చూడండి. బండి కంప్యూటర్‌కు స్కానర్ పెట్టి లోపాలు చదవగల మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. ఆయనకిచ్చే డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

హైదరాబాద్ కారు చవకా?

మనవాళ్ళు ఎక్కువగా పడే గోతి ఇది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే కారు రెండు లక్షలు తక్కువకు కనిపిస్తుంది. దాన్ని ఇక్కడే ఉంచుకుంటే 12 నెలల్లోపు కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ టైం ట్యాక్స్ కట్టాలి. 20 లక్షలు దాటిన కొత్త కారుకు ఇక్కడ ఆ పన్ను 18 శాతం, పైగా సెస్సు. పాత కారుకు వయసును బట్టి తగ్గుతుంది కానీ మిగిలేది కూడా లక్షల్లోనే. పాత రాష్ట్రం నుంచి రావాల్సిన రీఫండ్‌కు విడిగా దరఖాస్తు పెట్టి తిరగాలి. ఆ డబ్బును లెక్కలో వేసుకోకుండా బేరమాడండి.

కాగితాల్లో ఫారం 29, 30 (ఓనరు పేరు మార్పు ఫారాలు) మీద అమ్మేవాళ్ళ సంతకాలు తీసుకోవాలి. వేరే రాష్ట్రం బండికి ఫారం 28 పెట్టి తెచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్సీలోంచి ఆ లోన్ తీయించే ఫారం 35. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చుకోండి. పాత ఓనరు నో క్లెయిం బోనస్ ఆయనతోనే పోతుంది, మీకు రాదు. రెండో తాళం చెవి కూడా అడిగి తీసుకోండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తా" అంటే ఒప్పుకోకండి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ ఏమిటి?

చివరిగా డెలివరీ నోటు, అంటే బండి అప్పగించినట్టు రాసుకునే కాగితం. దాని మీద తేదీతో పాటు టైం కూడా రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ టైంకు ముందు పడ్డ చలాన్లు ఆయనవి, తర్వాతవి మీవి. మా బావ చివరికి ఒక 2017 కారు తీసుకున్నాడు. నోటు మీద 11 గంటలని రాసుకున్నారు. మొదటి చలాను 11:40కి పడింది.